పొయ్యి లేని సముద్రం

రిసార్టు ఎంచుకునేటప్పుడు ముందుగా ఏం చూడాలని నన్నెవరైనా అడిగితే, గదిలో పొయ్యి ఉందేమో చూడమంటాను. ఉంటే ఆ పేరు కొట్టెయ్యమంటాను. ఎంత గొప్ప రిసార్టయినా సరే, గుమ్మం ముందే ఈతకొలను ఉన్నా సరే. ఈ మాట విని మా తమ్ముడు ఇప్పటికీ నవ్వుతాడు. నవ్వనీ.

నేను వనపర్తిలో ఉంటాను. ట్రెజరీ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. వచ్చిన ప్రతి బిల్లునూ ఆసాంతం చదవడం, తప్పుంటే అభ్యంతరం రాసి తిప్పి పంపడం నా ఉద్యోగం. రోజూ డైరీ రాయడం నా అలవాటు. పెళ్లికి ముందే మొదలుపెట్టాను, నా భర్త పోయిన రోజు కూడా ఆపలేదు. మా అక్క గద్వాలలో ఉంటుంది. మాది నేతపని ఇల్లు. నన్ను చదువు లాక్కుపోయింది, అక్కను మగ్గం ఉంచుకుంది. బావ పోయాక కూడా అక్క నేస్తూనే ఉంది. ఒక మగ్గం మీద తను, పక్క మగ్గం మీద కొడుకు. మా ఇద్దరి తర్వాత వాడైన తమ్ముడికి నాగర్‌కర్నూలులో విత్తనాల దుకాణం ఉంది.

నిరుడు చలికాలంలో గద్వాల వెళ్లినప్పుడు, అక్క మగ్గం ఆపకుండానే అడిగింది.

“చెల్లె, సముద్రానికి అవతలి ఒడ్డు కనబడదంటరు. నిజమేనా?”

“నిజమే. నువ్వు తిరుపతి యాత్రల మద్రాసు దాంక పోయినవు గదా, సూడలేదా?”

“పోయిన. సూడలే.”

నేను ఆ యాత్రకు వెళ్లలేదు. ఆఫీసులో ఆడిట్ నడుస్తోంది. ఏం జరిగిందో అక్కే చెప్పింది. “ఆ పొద్దుమూకి అందరు ఒడ్డుకు పోయిండ్రు. రాంగనే ఆకలంటరని నేను సత్రంలనే ఉండి అన్నం, పప్పు జేసిన. వచ్చి తిన్నరు. చెప్పులల్లకెళ్లి గింత ఇసుక రాలింది. ఊడ్సిన.” ఇంత చెప్పి నవ్వింది. “మస్తు సన్నగుండె ఆ ఇసుక.”

నాకు నవ్వు రాలేదు. మా ఇళ్లలో యాత్ర అంటే ఒక వ్యాను, నలుగురి సామాను, ఒక గ్యాసు పొయ్యి, బియ్యం బస్తా, అక్క. మంత్రాలయం వెళ్లినా, శ్రీశైలం వెళ్లినా సత్రం వెనక అక్క పొయ్యి వెలిగిస్తుంది. పెళ్లికి పిలిచినా అంతే, గంటలోపల ఆమె చేతికి గరిటె వచ్చేస్తుంది. ఎవరూ బలవంతం చేయరు. పొయ్యి కనబడితే అక్క ఆగదు, అక్క కనబడితే జనం ఆగరు. మర్నాడు చెప్పాను: “అక్కా, సముద్రం పోతున్నం. ఇద్దరమే. సత్రంల కాదు, రిసార్టుల ఉంటం.”

ఖరీదైన రిసార్టు ఎందుకని నన్ను చాలామంది అడిగారు. ఆడంబరం అన్నారు, ముసలితనంలో సోకులన్నారు. నా జవాబు ఒక్కటే. చౌక గదిలో దిగితే ఏదో ఒక మూల నుంచి పొయ్యి వస్తుంది. అక్క దగ్గరికి గిన్నె తీసుకొచ్చే ధైర్యం ఎవరికీ ఉండని చోటు నాకు కావాలి. మావాళ్ల వ్యాను రాలేని చోటు కావాలని దేశం దాటే పోదామనుకున్నాను. అలాంటి చోటుకు ఖర్చవుతుంది. నా పింఛను నాది.

అక్క పాస్‌పోర్టు కోసం విచారణకు వచ్చిన కానిస్టేబులు కూడా అడిగాడు.

“ఆడ ఎవరున్నరు పెద్దమ్మా? కొడుకా, బిడ్డా?”

“ఎవ్వరు లేరు నాయినా. అందుకే పోతున్న.”

అతను సంతకం పెట్టించుకుని, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

తమ్ముడు అంత తేలిగ్గా వెళ్లే మనిషి కాదు. సంగతి తెలిసిన రోజే ఫోన్ చేశాడు. అక్క పక్కనే ఉందని స్పీకర్ పెట్టాను.

“ఏంది చిన్నక్కా, పెద్దక్కను దేశం దాటిస్తవంట! నీళ్లు సూడాల్నంటే మన కృష్ణ ఒడ్డున సోమశిల లేదా? బోటెక్కి తిరిగి, గుళ్లె దండం పెట్టి రండ్రి. కారు నేనే పంపుత.”

“సోమశిలల అవతలి ఒడ్డు కనబడతది తమ్మీ,” అంది అక్క. “నాకు కనబడనిది గావాలె.”

“గది కాదక్కా. మొగదిక్కు లేకుంట ఇద్దరాడోళ్లు, ఈ వయసుల, బీచు హోటల్ల! నలుగురు ఏమనుకుంటరు?”

“ఆ నలుగురు ఎవరో పేర్లు చెప్పు, రాసుకుంట,” అన్నాను నేను. పెన్ను నిజంగానే చేతిలో ఉంది. తమ్ముడు తన భార్య పేరు చెప్పి, కొంచెం ఆలోచించి, ఇంకో పేరు దొరక్క ఫోన్ పెట్టేశాడు.

ఎంపిక మొదలుపెట్టాను. నడవకుండానే సముద్రం కనిపించాలి. దగ్గరలో పాత గుడో, పాత ఊరో ఉండాలి, ఎందుకంటే రోజంతా నీళ్లనే చూస్తూ కూర్చునే రకం కాదు మేము. అన్నం దొరకాలి. బాలిలో గొప్పగా కనిపించిన ఒక రిసార్టుకు కొండ మీది నుంచి ఇసుకలోకి దిగడానికి పొడుగాటి మెట్లున్నాయి. గుంట మగ్గంలో కాళ్లు దించి బతుకంతా తొక్కిన అక్క మోకాళ్లు ఆ మెట్లు దిగలేవు, కొట్టేశాను. శ్రీలంకలో మేము చూడాలనుకున్న గుళ్లు ఒక మూలన, సముద్రం ఇంకో మూలన ఉన్నాయి. థాయిలాండ్‌లో దీవికి చేరాలంటే పడవ దిగి ఇంకో పడవ ఎక్కాలట. చివరికి వియత్నాం నడుమ భాగం మిగిలింది. చదునైన ఒడ్డు, దీపాలు వేలాడే పాత ఊరు, కారులో వెళ్లేంత దూరంలో ఎర్ర ఇటుకలతో కట్టిన పాత శివాలయాలు.

ఫోన్‌లో ఫొటోలు అక్కకు చూపించాను. అన్నింట్లోనూ కొత్త జంటలే. మంచం మీద పూలరేకులు, స్నానాల తొట్టిలోనూ పూలరేకులు.

“ఈ పూలన్ని తెల్లారి ఎవరు ఊడుస్తరు చెల్లె?”

“నువ్వు మాత్రం ఊడ్వవు.”

హైదరాబాదులోని ట్రావెల్ ఏజెన్సీ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది, కాని మా వయసు వినగానే కాశీ వైపు తిరిగింది. “సీనియర్ సిటిజన్స్‌కి మా దగ్గర చాలా మంచి కాశీ ప్యాకేజీ ఉంది మేడమ్. సాత్విక భోజనం, వీల్‌చెయిర్ కూడా...”

“కాశీ ఎక్కడికీ పోదమ్మా. నేను అడిగింది చెప్పు.”

చెప్పింది. మేము చేనేతవాళ్లమని తెలిసి ఉత్సాహపడింది కూడా. అక్కడ పట్టునేత చూపించే కార్యక్రమం ఉందట, ఉచితంగా చేర్చేస్తానంది. నేను అక్క వైపు చూశాను.

“మళ్ల మగ్గమేనా?” అంది అక్క. “విమానమెక్కి పోయి మగ్గం సూడాల్నా? వద్దను.”

ఆ కార్యక్రమం వద్దన్నాను. సముద్రం వైపు తెరుచుకునే గది, రెండు మంచాలు, పొద్దుటి ఫలహారం, రాత్రి భోజనం. టికెట్లు, వీసాలు వచ్చాయి. నెగ్గాననుకున్నాను.

ప్రయాణం పది పన్నెండు రోజులు ఉందనగా అసలు ప్రమాదం వచ్చింది. ఏజెన్సీ అమ్మాయి ఫోన్ చేసి, అదే రిసార్టులో ఒక విల్లా ఖాళీ అయిందని, ఇంకొంచెం కడితే మార్చేస్తానని చెప్పింది. మూడు పడగ్గదులు, సొంత ఈతకొలను, పెద్ద వంటగది. “మన తెలుగువాళ్లంతా ఇదే అడుగుతారు మేడమ్. మన వంట మనం చేసుకోవచ్చు.” ఫొటోలు కూడా పంపింది. ఆ రోజు నేను గద్వాలలోనే ఉన్నాను. అక్కకు ఆఖరిసారి నచ్చజెప్పి ఆపుదామని తమ్ముడూ వచ్చి ఉన్నాడు. ఫోన్ నా చేతిలోంచి తీసుకుని ఫొటోలు చూశాడు. ముఖం విప్పారింది.

“అరె, గిది బాగుంది గదా చిన్నక్కా! మూడు రూములున్నయి. మేమిద్దరం గూడ వస్తం. పాస్‌పోర్టులు ఉండనే ఉన్నయి. నలుగురం పోతే ఎవ్వరేమనరు.”

“వంటిల్లున్న ఇల్లు మేం తీస్కుంటలేం.”

“ఎందుకు? ఆడ పీతలు, నత్తలు పెడితే ఎవడు తింటడు? పెద్దక్క ఉంది గదా. జొన్నరొట్టె, పచ్చిపులుసు జేస్తది. పిండి, చింతపండు నేను సూట్‌కేసుల పెట్టుకొస్త.”

వాడి మాటలో చెడు లేదు. అక్క చేతి వంట మీద ప్రేమే ఉంది. అందుకే నాకు భయమేసింది. ప్రేమగా అడిగితే అక్క ఎప్పుడూ కాదనలేదు. అనుకున్నట్టే మగ్గం మీది నుంచి మాట వచ్చింది.

“పోనీ తీ చెల్లె. వాళ్లు గూడ సూస్తరు. వండుడెంత సేపు?”

“అక్కా,” అన్నాను, “ఈసారి గూడ ఇసుకనే ఊడుస్తవా?”

కాళ్ల కింద తొక్కుడు ఆగింది. అక్క నా వైపు చూడలేదు. నేస్తున్న చీర అప్పటికి కొసకొచ్చింది. పడుగు అంటే నిలువు దారాలు కూడా అయిపోవచ్చాయి. మా దగ్గర మగ్గాన్ని బోసిగా వదలరు. చీర కోసుకున్నాక, దువ్వెనలా ఉండే పన్నెలో పాత దారాల కొసలు అలాగే ఉంచుతారు. కొత్త పడుగు తెచ్చి, ఒక్కో కొత్త దారాన్ని ఒక్కో పాత కొసకు మెలిపెట్టి అతుకుతారు. అతికారంటే ఆ పడుగు మీది చీరలన్నీ దిగేదాకా మగ్గం మనిషిని వదలదు. ఇన్నేళ్లుగా రెండు మూడు రోజుల యాత్రలకు, పెళ్లిళ్లకు తప్ప అక్క ఎక్కడికీ కదలకపోవడానికి కారణం అదే. ఒకటి అయిపోయిన పూటే ఇంకొకటి అతికేది. ఆ రోజూ కొత్త పడుగు గోడకున్న గూటానికి వేలాడుతూ ఉంది.

అక్క చీర కోసింది. మడిచి పక్కన పెట్టింది. తర్వాత పన్నెలోని పాత కొసలను కొన్ని కొన్ని చొప్పున తీసుకుని, జారిపోకుండా ముడులు వేయడం మొదలుపెట్టింది.  ముడులన్నీ అయ్యాక గుంటలోంచి కాళ్లు తీసి, గోడ పట్టుకుని లేచింది. కొత్త పడుగు వైపు వెళ్లలేదు.

“అతుకవా?” అన్నాడు తమ్ముడు.

“వచ్చినంక అతుకుత.”

“ఇంక పది దినాలున్నది గదనే! ఈ పది దినాలు ఏం జేస్తవు?”

“కూసుంట. జర అలవాటు జేసుకోవాలె గదా.”

“మరి పడుగిచ్చిన సావుకారు?”

“సావుకారుకు నేను చెప్పుకుంట.” తర్వాత వాడి దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. “తమ్మీ, నువ్వు రా. నీ పెండ్లాన్ని తీస్కొనిరా. వద్దనను. నా పక్కన కూసొని సూద్దువు. గని వంటిల్లు లేనికాడ ఉంటం. పిండి మాత్రం తేకు.”

“రొట్టె లేకుంట వారం దినాలు ఉంటవా పెద్దక్కా?”

“నేనుంట. నువ్వుంటవా?”

 ఆ సాయంత్రం నాగర్‌కర్నూలు వెళ్లేటప్పుడు తమ్ముడు, దుకాణం వదిలి రావడం కష్టమేనన్నాడు. నేను ఏజెన్సీకి ఫోన్ చేసి విల్లా వద్దని చెప్పాను. “కిచెన్ ఉంది కదా మేడమ్!” అంది ఆ అమ్మాయి. “అందుకేనమ్మా,” అన్నాను.

బయలుదేరిన రోజు కారు బీచుపల్లి దాటుతుంటే అక్క కిటికీలోంచి ఆంజనేయస్వామికి దండం పెట్టుకుంది. కృష్ణ మీది వంతెన మీద నుంచి అవతలి ఒడ్డును వేలితో చూపించింది. “గదిగో, కనబడుతున్నది.”

అక్కడికి చేరాక మొదటి పొద్దున, ఫలహారం అయిపోగానే అక్క తన పళ్లెం, నా పళ్లెం ఒకదాని మీద ఒకటి పెట్టుకుని లేచింది. వడ్డించే పిల్ల పరుగెత్తుకొచ్చి రెండు చేతులతో అందుకుంది. అక్క ఒక క్షణం వదల్లేదు. ఇద్దరూ పళ్లేలు పట్టుకునే నిలబడ్డారు. తర్వాత అక్క వదిలేసి కూర్చుంది. ఎర్ర ఇటుకల గుళ్లకు వెళ్లిన రోజు, కప్పు కూలిన గర్భగుడి ముందు నిలబడి, “ఈయన మనకంటె ముందే ఈడికొచ్చిండు,” అంది. కాని ఎక్కువసేపు ఉండనివ్వలేదు. సముద్రం దగ్గరికి పోదామంది.

ఆ సాయంత్రం ఒడ్డు నుంచి గదికి వచ్చాం. గుమ్మంలో అక్క చెప్పుల్లోంచి తెల్లగా, సన్నగా ఇసుక రాలింది. అక్క ఊడ్వడానికి వంగబోయి సగంలో ఆగింది. ఇసుక దాటుకుని లోపలికి వెళ్లి, సముద్రం వైపు కుర్చీలో కూర్చుంది. అప్పుడే తమ్ముడు వీడియో కాల్ చేశాడు.

“పెద్దక్కా, ఏం జేస్తున్నవు?”

“కూసున్న.”

“కూసొని?”

“కూసొనే ఉన్న.”

“ఇంకేం జేస్తలేవా?”

“ఏం జేస్తలే,” అంది అక్క, ఫోన్ సముద్రం వైపు తిప్పుతూ.