ఎండుచేపల బుట్ట మీద అమ్మవారు

అనకాపల్లిలో ఒక అమ్మవారిని పుట్టించినవాణ్ణి నేను. మూడు డబ్బాల ఎనామిల్ రంగు, ఒక సీసా టర్పెంటైను, ఒక శుక్రవారం మధ్యాహ్నం, అంతే పట్టింది. బెల్లం మార్కెట్టుకు పోయే దారిలో పాత గోడౌన్ వెనక గోడ మీద ఇవాళ మీరు దణ్ణం పెట్టుకుని పోయే అమ్మవారు నా చేతి పనే. వెయ్యమని ఎవరూ అనలేదు. మున్సిపాలిటీని అడగలేదు, గోడ గల షావుకారునూ అడగలేదు. పట్టపగలు నిచ్చెన వేసుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని, రోడ్డంతా జనం నిలబడి చూస్తుండగా వేశాను. రెండు జీపుల్లో పోలీసులు దిగారు.

జీపులు రాలేదు. ఒక హోంగార్డు వచ్చాడు, అదీ టీ తాగడానికి. నిచ్చెన ఊగుతోందని చెప్పి, ఇటుక ముక్క తెచ్చి దాని కాలి కింద పెట్టి వెళ్ళాడు. ముసలివాడు గోడకు రంగు వేస్తుంటే నీకు పర్మిషన్ ఉందా అని అడిగేవాడు ఇంకా పుట్టలేదు. జనం కూడా లేరు. బెల్లం వేలం ముగిశాక ఆ రోడ్డులో టీ కొట్టువాడు, ఒక ఆవు తప్ప ఎవరుంటారు? ఆ ఆవు కూడా నాకేసి చూడలేదు.

నేను బోర్డులు రాసి బతికినవాణ్ణి. ఈ జిల్లాలో సినిమా హాళ్ళకు కట్టిన పెద్ద కటౌట్లన్నీ నావేనని చెబుతుంటాను. అందులో నిజమెంతంటే, నేను మూడో చెయ్యిని. మొహాలు గురువుగారు వేసేవారు, చేతులు రెండో అతను వేసేవాడు, చొక్కాకు రంగు నింపడం నా పని. ఆ తరవాత లారీల వెనక తలుపుల మీద తామరపువ్వులు వేశాను, కొట్లకు బోర్డులు రాశాను. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పనీ పోయింది. చివరిగా ఊళ్ళో మిగిలిన నా రాత ఒక్కటే, అదే గోడ మీద, ఆ చివర: ఇచ్చట మూత్రము పోయరాదు.

గోడకు ఈ చివర ఒకావిడ ఎండుచేపలు అమ్మేది. యాభై దాటిన మనిషి. అంతకుముందు ఆ చోట వాళ్ళ అత్త కూర్చునేది. గోడౌన్ రేకులు కాస్త ముందుకు వచ్చి ఉంటాయి కాబట్టి అక్కడ నీడ. సాయంత్రం బస్తాలు మోసి ఇళ్ళకు పోయే కలాసీలందరూ అటే పోవాలి కాబట్టి అక్కడే బేరం. ఎండుచేపల మనిషికి చోటంటే మాటలు కాదు. ఆ వాసనను ఎవరూ తమ గుమ్మం ముందు కూర్చోనివ్వరు. ఊరు మొత్తం మీద ఆవిడను పొమ్మననిది ఆ గోడ ఒక్కటే. ఇప్పుడు ఆవిడకేం, అచ్యుతాపురంలో కంపెనీ బస్సులు ఆగేచోట రేకుల షెడ్డు వేసి దర్జాగా అమ్ముకుంటోంది. నేను వెళ్ళి కళ్ళారా చూసి వచ్చాను.

నాకూ ఆవిడకూ పాత స్నేహమే. ఆవిడ డబ్బుల పెట్టె మూత మీద పదేళ్ళ కిందట ఎర్ర చేపను వేసి ఇచ్చింది నేనే. ఆ ఎరుపు బజారులో దొరకదు. సిగ్నల్ రెడ్డులో చాక్లెట్ బ్రౌన్ రెండు చుక్కలు వేసి లారీల కోసం నేను కలుపుకునే రంగు అది. ఆ చేపను చూసి ఆవిడ చిన్నపిల్లలా నవ్వింది. అదే మనిషి ఇంకో రోజు వేరేరకంగా నవ్వింది.

ఆ రోజు టీ కొట్టు దగ్గర నలుగురిలో కూర్చుని కటౌట్ల సంగతి చెబుతున్నాను. "హీరో కంటిపాపలో కూకుని అన్నం తినేవోణ్ణిరా నాను. అంత పెద్ద కన్ను" అన్నాను. ఆవిడ బుట్ట దగ్గర నుంచే అందుకుంది.

"ఆ కళ్ళ సంగతి నాకు తెల్దు గానీ మావా, నీ గోడ రాత సూసేవా? పోయరాదని రాసేవు. సరిగ్గా దాని కిందే పోత్తన్నారు. ఎక్కడ పొయ్యాలో తెలీనోళ్ళకి దారి సూపిత్తన్నావు."

"అలగనకు పిన్నీ" అన్నాడు టీ కొట్టువాడు. "సదువు రానోళ్ళు లారీల ఎనక పోత్తన్నారు. మావ రాత దగ్గిరకి సదువుకున్నోళ్ళే వత్తన్నారు."

ఒకడికి నవ్వు ఆగక టీ ముక్కులోకి పోయింది. ఆ తరవాత నాలుగు రోజులు నేను ఎటుపోయినా "ఏటి మావా, సదువుకున్నోళ్ళు బాగున్నారా?" అని పలకరింపు. టీ కొట్టువాడి మీద నాకు కోపం రాలేదు. వాడు అప్పుకు టీ ఇచ్చేవాడు. కోపమంతా ఆవిడ మీదికే పోయింది.

అమ్మవారిని ఎందుకు వేశావని తెలిసిన ఒకరిద్దరు అడిగితే, ఊరు శుభ్రంగా ఉండాలని చెప్పాను. రాతకు భయపడనివాడు దేవుడికి భయపడతాడు, గోడ మీద దేవుడి బొమ్మ ఉంటే ఎవడూ అక్కడ నిక్కరు విప్పడు, అందుకని వేశాను అన్నాను. వాళ్ళు, అంటే టీ కొట్టువాడూ హోంగార్డూ, నన్ను మెచ్చుకున్నారు, వేసింది నేనన్న సంగతి బయటపెట్టలేదు. మీరూ మెచ్చుకుని ఉండేవారే. కాని మూత్రం పోసేది గోడకు ఆ చివర. నేను బొమ్మ వేసింది ఈ చివర. మధ్యలో ముప్ఫై అంగల దూరం ఉంది. ఆవిడ బుట్టలు పెట్టే చోట ఉప్పు మరకలు గుండ్రంగా రెండు ఉండేవి. ఆ రెండింటి నడిమికి సుద్ద దారం పట్టి, అక్కణ్ణించి కొలుచుకుని పైకి వేశాను.

శుక్రవారం ఆవిడ సరుకు కోసం పూడిమడక వెళ్ళే రోజు. అందుకే శుక్రవారం. తెల్ల ప్రైమరు, పసుపు మొహం, నా ఎర్ర రంగుతో చీర. కళ్ళు అన్నిటికన్నా చివర. జీవితంలో మొదటిసారి ఒక మొహం నా సొంతంగా వేశాను. చెప్పుకోకూడదు గాని, బాగా కుదిరింది.

శనివారం పొద్దున్నే టీ కొట్టులో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. ఆవిడ ఆటో దిగింది. బుట్ట దించబోతూ తలెత్తింది. ఏం చేస్తుందా అని చూస్తున్నాను. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. ఆవిడ కొంగు తల మీద కప్పుకుని రోడ్డు మీద మోకాళ్ళ మీద కూలబడింది.

"ఓలమ్మో! నా సోటుకే వచ్చీసేవా తల్లీ! ఇన్నేళ్ళు ఇక్కడ కూకున్నానని నన్ను సూడ్డానికి వచ్చేవా!"

టీ కొట్టులోంచి బకెట్టు నీళ్ళు తీసుకుపోయి ఆ నేల కడిగింది. పసుపు కొని తెచ్చింది. ఆ బొమ్మ ముందు మొదటి దీపం పెట్టింది ఆవిడే. బుట్టలు కొంచెం పక్కకు జరుపుకుని, వచ్చిన వాళ్ళందరికీ చూపిస్తూ బేరం చేసుకుంది. కలాసీల ఆడవాళ్ళు వచ్చి గాజులు కట్టారు. మూడు రోజులు ఆవిడ మొహం వెలిగిపోయింది. నేను వేసిన పాచిక తిరగబడిందని నాకు అన్నం సయించలేదు.

మంగళవారం షావుకారు వచ్చాడు. గోడ ఆయనదే. చెప్పులు దూరంగా విడిచి, చేతులు కట్టుకుని, మెత్తగానే మాట్లాడాడు.

"చూడమ్మా, అమ్మవారు వెలిసింది. నలుగురూ వచ్చి పూజలు చేసుకుంటారు. ఈ నీసు వాసన ఇక్కడ బాగుండదు. ఇంకెక్కడైనా చూసుకో."

"బాగుండకపోడానికేటుంది బాబూ? పండక్కి అమ్మకి కోళ్ళు కొయ్యరేటి? మేకని కొట్టరేటి? నా ఎండు నెత్తళ్ళు సూసి అమ్మ ముక్కు మూసుకుంటాదా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. "అదీ నిజమేనండి" అన్నాడు టీ కొట్టువాడు. అంతటితో ఆ గొడవ తీరిపోవలసింది. షావుకారు వెళ్ళిపోవడానికి చెప్పుల దాకా వచ్చి, నన్ను చూసి ఆగాడు.

"మీరు పెద్దవారు, బొమ్మల సంగతి తెలిసినవారు. ఈ అమ్మకు నీసు పడుతుందో లేదో మీరు చెప్పండి. మీ మాటే ఖాయం."

"సెప్పు మావా" అంది ఆవిడ కూడా, ధీమాగా. నేను తన పక్షమే మాట్లాడతానని నమ్మకం.

కళ్ళజోడు పెట్టుకుని, ఎన్నడూ చూడనట్టు బొమ్మ దగ్గరికి వెళ్ళాను. కింద నుంచి పైకి నెమ్మదిగా చూశాను. అందరూ ఎదురుచూస్తుంటే ఎంత బాగుందో మీకు చెప్పలేను. కటౌట్ల కాలంలో కూడా నా మాట కోసం అంతమంది ఆగలేదు.

"చేతిలో కత్తి లేదు" అన్నాను. "నాలుక బయటికి లేదు. తామరపువ్వు పట్టుకుంది. ఇది శాంతమూర్తి. కోళ్ళూ మేకలూ ఆరగించే అమ్మ వేరు. ఈ అమ్మకు నీసు పనికిరాదు."

శుక్రవారం నాడు ఆ చేతిలో మొదట సుద్దతో కత్తే గీశాను. మన అమ్మవారికి కత్తే కదా ఉంటుంది. గీసినదాన్ని తడిగుడ్డతో తుడిచి, తామరపువ్వు వేశాను. ఎవరైనా ఎప్పుడైనా అడిగితే చెప్పడానికి ఒక మాట ఉండాలని.

ఆవిడ బొమ్మకేసి చూడలేదు. నాకేసి చూసింది. తరవాత డబ్బుల పెట్టె మూత వేసి, దాని మీద అరచెయ్యి పెట్టింది.

"మావ సెప్పీసేడు కదా. మరేటి" అని బుట్ట ఎత్తుకుంది.

ఆ రోజంతా చోటు కోసం తిరిగింది. టీ కొట్టు పక్కన కూర్చుంటే "టీలోకి వాసన వత్తాది పిన్నీ, ఏటనుకోకు" అన్నాడు. ఎరువుల కొట్టు ముందు కూర్చోనివ్వలేదు. సాయంత్రానికి అదే గోడకు ఆ చివరికి చేరింది, నా రాత కిందికి. అక్కడైతే పొమ్మనేవాళ్ళు లేరు. తడి నేల మీద ఇటుకలు పేర్చి, గోనె పరిచి, బుట్టలు పెట్టుకుంది. నీడ లేదు. కలాసీలు అటు రారు. వచ్చిన ఒకరిద్దరు ముక్కు పట్టుకుని వెనక్కి తిరిగారు.

"ఇంక సేపలకి ఏరేగా ఉప్పు పట్టించక్కర్లేదు" అని టీ కొట్టు దగ్గర ఒక మాట పుట్టింది. ఊరంతా నవ్వుకున్నారు. ఆ మాట అన్నది టీ కొట్టువాడని అందరికీ చెప్పాను. అన్నది నేను. ఆవిడకు వినబడేలాగే అన్నాను.

పది రోజులు పోయాక ఆవిడే నా దగ్గరికి వచ్చింది.

"మావా, ఆ గోడ మీద నీ రాత రంగు పోయింది. మళ్ళీ రాసి పెట్టు. కనబడితే కొందరైనా పోరేమో."

వెటకారం లేదు. ఆ రాతను చూసి నవ్విన మనిషే వచ్చి అడుగుతోంది కదా అని నాకు ఒళ్ళు పొంగింది. అదే రోజు డబ్బాలు, కుంచెలు పట్టుకుని వెళ్ళాను. గోడ గీకాను, తెలుపు పూశాను, ఆరాక దారం కొట్టాను. "ఏ రంగు వెయ్యమంటావే?" అన్నాను, దొరలాగా.

ఆవిడ నెత్తళ్ళలో ఇసక ఏరుతోంది. తలెత్తలేదు.

"ఎరుపెయ్యి. అమ్మ సీరకేసినదే. నా పెట్టి మీద సేపకేసినదే. పదేళ్ళయినా సెడలేదది."

కుంచె టర్పెంటైనులో ముంచాను, తుడిచాను, మళ్ళీ ముంచాను. ఆ బొమ్మ నాదని ఆవిడకు ఎప్పటి నుంచి తెలుసు? ఆ మంగళవారం నా మొహంలోకి చూసినప్పుడా? లేక శనివారం దణ్ణం పెట్టి లేచి, చీర రంగు చూసినప్పుడేనా? అప్పుడే తెలిసి ఉంటే, "సెప్పు మావా" అన్నప్పుడు నాకు ఒక అవకాశం ఇచ్చిందన్నమాట. అడగలేకపోయాను. ఆ ఎరుపు డబ్బా మూత తీసి రాశాను. నా జన్మలో అంత చక్కని అక్షరాలు రాయలేదు. ఇందులో గొప్ప చెప్పడం లేదు, వెళ్ళి చూడండి.

"ఏటి రాసేవో సదువు" అంది. ఆవిడకు చదువు రాదు.

"ఇచ్చట మూత్రము పోయరాదు" అని చదివాను, బడిపిల్లాడిలా.

"బాగుంది" అని పేపరు చింపి రెండు గుప్పిళ్ళ నెత్తళ్ళు పొట్లం కట్టింది. వద్దన్నాను. "తీసుకో మావా. రాసినోడికి ఇయ్యాల కదా" అంది. తీసుకున్నాను. ఆ పొట్లం ఆవుకు వేశానని ఇంట్లో చెప్పాను. ఆవు ఎండుచేపలు తింటుందా? వేయించుకుని నేనే తిన్నాను.

రంగు ఆరకముందే ఒకాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా. నిలబడి, నా రాత మొత్తం చదివాడు. తడి రంగు అంటుకుంటుందని రెండు అడుగులు పక్కకు జరిగి, గోడవైపు తిరిగాడు. ఆవిడ బుట్టను రెండు అడుగులు ఇటు లాక్కుంది. నేను కుంచెలు కడుక్కున్నాను.

ఆ శుక్రవారం సరుకుకు పూడిమడక వెళ్ళింది. శనివారం రాలేదు. తరవాతా రాలేదు. ఇటుకలు కొన్నాళ్ళున్నాయి, ఎవరో పట్టుకుపోయారు.

ఈ చివర ఇప్పుడు అమ్మవారికి రేకుల పందిరి, ఇనప గ్రిల్లు, హుండీ వచ్చాయి. ఎవరో కళ్ళ మీద మళ్ళీ రంగు వేసి గుడ్లు ఉబ్బించి పాడుచేశారు. నావని చెప్పుకోవడానికి లేదు. ఆ దారిన పోయినప్పుడల్లా చెప్పులు విప్పుతాను. విప్పకపోతే టీ కొట్టువాడు కేకేస్తాడు, "ఏటి మావా, అమ్మంటే నెక్క లేదా?" అని. వంగి దణ్ణం పెడతాను. పెట్టేచోట, గ్రిల్లు కింద, ఉప్పు మరకలు ఇంకా పూర్తిగా పోలేదు.

అచ్యుతాపురంలో ఆవిడ షెడ్డును కళ్ళారా చూశానని పైన రాశాను. షెడ్డు సంగతి నేను కల్పించిందే. వెతకడానికి రెండుసార్లు బస్సెక్కాను. ఎక్కలేదు, ఒకసారి బస్టాండు దాకా వెళ్ళాను. అచ్యుతాపురం బస్సు వచ్చి ఆగింది, జనం ఎక్కారు, కండక్టరు నన్ను కూడా రమ్మన్నాడు. బస్సు మీద ఊరి పేరు ఎవడు రాశాడో గాని మహా వంకరగా రాశాడు. దాన్నే చూస్తూ, ఆ అక్షరాలు సరిగా ఎలా రాయాలో ఆలోచిస్తూ నిలబడ్డాను. బస్సు వెళ్ళిపోయింది.