రేకుల ఇంటికొచ్చిన సాయం

ఆ వీధిలో అందరూ ఆమెను ఇస్త్రీ అక్క అనేవారు. భర్తతో కలిసి ఏళ్ల తరబడి బొగ్గుల పెట్టె తోసి తోసి, తన వాటా గదులకు స్లాబు వేయించుకుంది. పక్క వాటా మరిదిది. అక్కడ రేకులు తుప్పుపట్టాయి, వెనక గోడ ఉబ్బింది. మరిదికి ఇంటి ధ్యాసే లేదు. వాన పడితే తోడికోడలు కారినచోటల్లా గిన్నెలు పెట్టుకుని నవ్వుతూ కూర్చునేది.

పాత వీధులను బాగుచేసే పథకం కింద పురపాలక సంఘం శిథిలమైన ఇళ్లకు సాయం మంజూరు చేసింది. జాబితాలో తోడికోడలి పేరు వచ్చింది. స్లాబు ఉన్నందుకు ఇస్త్రీ అక్క పేరు రాలేదు.

"ఒళ్లు వంచినవాళ్లకు మొండిచెయ్యి, ఒళ్లు దాచుకున్నవాళ్లకు కొత్తిల్లూనా?" అని భర్త మీద రుసరుసలాడింది.

"వాళ్లూ మనవాళ్లేగా."

"మనవాళ్లు కాబట్టే మండుతోంది!"

పక్కింటి నవ్వు వినబడితే చాలు, చేతిలో పెట్టె బరువెక్కేది. ఒకరోజు ఎవరిదో తెల్లచొక్కా కాలరు మాడ్చేసింది కూడా.

డబ్బు ఇచ్చేముందు విచారణకు పురపాలక సంఘం ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి తోడికోడలు పిల్లలతో పుట్టింటికి వెళ్లింది, మరిదీ ఇంట్లో లేడు. తాళం చూసి, "ఇక్కడెవరూ ఉండరా?" అని ఆయన అడిగాడు.

"ఎప్పుడో చుట్టపుచూపుగా వస్తారు. కాపురమంతా ఆవిడ పుట్టింట్లోనే," అనేసింది ఇస్త్రీ అక్క. నోరుజారి కాదు, కావాలనే అంది. ఆ పూట అన్నం కూడా కమ్మగా తింది.

సాయం ఆగిపోయింది. వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం ఆ ఉబ్బిన గోడ కూలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, తడిసిన పరుపులతో ఆ సంసారమంతా స్లాబు కిందికి చేరింది.

"ఎవరో మామీద కళ్లల్లో నిప్పులు పోసుకున్నారక్కా," అంది తోడికోడలు, పిల్లల తలలు తుడుస్తూ. "నువ్వు లేకపోతే మా గతేంటి?"

ఇస్త్రీ అక్క ఆ పూట కంచం పక్కకు నెట్టేసింది. మర్నాడే ఆఫీసుకెళ్లి ఇన్‌స్పెక్టర్‌ను వెంటబెట్టుకొచ్చింది.

"చూడండి సార్. పిల్లలు పడుకునే చోటిది."

"వీళ్లిక్కడ ఉండరని చెప్పింది మీరేగా?"

తోడికోడలు గుమ్మంలోనే ఉంది.

"నేనే. ఓర్వలేక చెప్పాను. ఇప్పుడు ఉన్నదున్నట్టు రాసుకోండి."

ఆయన ఆమెను చెడామడా దులిపి, రాసుకుని వెళ్లాడు. తోడికోడలు పరుపులు చుట్టుకుని, పిల్లల్నీ మొగుణ్నీ వెంటేసుకుని ఎదురింటి వసారాలోకి మారిపోయింది.

సాయం వచ్చింది, ఇల్లు లేచింది. అన్నాళ్లూ ఇద్దరికీ మాటల్లేవు. చివరికి తోడికోడలే వచ్చి, "రా, చూద్దువుగాని," అంది.

నున్నటి గచ్చు, లోపలే కుళాయి, వంటింట్లో ఇంత పెద్ద కిటికీ. చేసినదానికి సిగ్గు ఇంకా తీరలేదు. అయినా ఆ కిటికీ చూడగానే ఇస్త్రీ అక్క కడుపులో మళ్లీ భగ్గుమంది.

"ఎలా ఉంది?"

"కిటికీ మరీ పెద్దది. దుమ్మొస్తుంది."

తోడికోడలు ఆమెను ఎగాదిగా చూసి, ఫక్కున నవ్వి, చేతికో గుడ్డ అందించింది.

"అయితే తుడువు."

ఇస్త్రీ అక్క మూతి ముడుచుకునే, కొంగు దోపి తుడవడం మొదలుపెట్టింది.