కడుపు మీద కొడవళ్లు

మా అవ్వకు అక్షరం ముక్క రాదు గానీ, ఆకాశంలో ఎవరు ఎక్కడుంటారో మాత్రం ఊళ్లో ఇళ్లు చెప్పినట్టు చెప్పేది. కుప్పం దగ్గర మా చెనిక్కాయల చేను కావలికి నన్ను వెంటబెట్టుకుని పోయేది. తొలి చుక్క పొడవగానే పాట ఎత్తుకునేది. పిల్లలకోడి ఎక్కడ మేస్తోంది, గొల్లవాడు కావడి ఎక్కడ దించాడు అని అడుగుతూ సాగే పాట అది. అడిగిన చుక్కను నేను వేలితో చూపించాలి. తప్పు చూపిస్తే నెత్తిన మొట్టికాయ. తల్లి లేని పిల్లనని అందరూ నా మీద జాలిపడేవాళ్లు. అవ్వ ఒక్కతే మొట్టేది. అందుకే ఆ పాటంటే నాకు ప్రాణం.

నేను పుంగనూరు కోడలినయ్యేనాటికి అవ్వ పోయింది. పాట నాతో వచ్చింది. ఎనభై మొదట్లో నాకు ఐదో నెల. చీకటి పడేవేళ పెరట్లో గిన్నెలు తోముకుంటూ కడుపులో బిడ్డకు ఆ పాట పాడేదాన్ని. "దానికింకా సెవులే రాలేదు, ఎవురికమ్మా పాడతాండావు?" అని మా అత్త ఎగతాళి చేసేది. చేస్తూనే గడప మీద కూర్చుని చివరిదాకా వినేది.

అంతలో సూర్యగ్రహణం వచ్చింది. బయటికి రావద్దని రేడియో ఒకటే పోరు. ఊళ్లో ఊరగాయ జాడీల మీద కూడా గరిక పడింది. కడుపుతో ఉన్నవాళ్ల సంగతి సరేసరి. గ్రహణం విడిచేదాకా వెల్లకిలా పడుకోవాలి. కాలో చెయ్యో ముడిస్తే బిడ్డకు వంకర వస్తుంది. కత్తిపీట, కొడవలి ముట్టుకుంటే పెదవి చీలి పుడుతుంది. దాన్ని గ్రహణం మొర్రి అంటారు. మా వీధి చివర అలాంటి పెదవితో ఒక పిల్ల ఉండేది. పిల్లను ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. తల్లిని మాత్రం, ఆమె కడవ ఎత్తుకుని పోతుంటే వెనక నుంచి వేలు పెట్టి చూపించేవాళ్లు.

పట్టపగలే చుక్క కనబడుతుందని మా ఆయన ఎక్కడో విని వచ్చి, మసి పట్టించిన గాజుముక్కతో పెరట్లోకి తయారయ్యాడు. పిల్లలకోడి ఏదో వేగుచుక్క ఏదో తెలియని మనిషికి ఆకాశం, నాకు ధాన్యం మూటల గది. నా ఒళ్లు మండిపోయింది. "కదలొద్దు తల్లీ, దేవుణ్ణి తలుసుకుంటా పడుకోనుండు" అని అత్త బయట గొళ్లెం పెట్టింది.

ఆ గది కప్పులో రెండు మూడు పెంకులు పగిలి ఉండేవి. ఆ సందుల్లోంచి రోజూ మధ్యాహ్నం గుండ్రటి వెలుగు చుక్కలు పడేవి. ఆరోజూ నా చీర మీద పడ్డాయి. చూస్తూండగానే ఒక పక్క అరగడం మొదలైంది. కాసేపటికి నా కడుపు మీద గుండ్రటిది ఒక్కటీ లేదు. అన్నీ కొడవళ్లే. సన్నగా, పదునుగా, ఏడో ఎనిమిదో ఉన్నాయి.

పక్కకు దొర్లుదామంటే బిడ్డకు వంకర. అలాగే ఉందామంటే కొడవళ్లు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఏమిటో ఆరోజు నాకు తెలిసింది. చెయ్యి అడ్డం పెడితే కొడవలి చేతి మీదికొచ్చింది. భయమేసి చెయ్యి తీసేశాను. మధ్యలో అత్త ఒకసారి తలుపు ఓరగా తెరిచింది. కదిలానేమో చూడటానికి వచ్చిందనుకుని, నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకున్నాను. మళ్లీ మూసి వెళ్లిపోయింది.

ఆ తర్వాత నేను పాడలేదు. చీకటి పడితే తల వంచుకుని ఇంట్లోకి వచ్చేసేదాన్ని. గిన్నెలు పొద్దున తోమేదాన్ని. ఎవరికని చెప్పను? చెబితే ఇంట్లోనే నా మీదికి వేలు లేస్తుంది. ఆ గది గొళ్లెం సాయంత్రమే తీశారు. నేను మాత్రం నాలుగు నెలలు అందులోంచి బయటికి రాలేదు. నిద్రలో కూడా నాలుకతో నా పెదవి తడుముకునేదాన్ని.

కాన్పు కష్టమవుతుందని మదనపల్లె ఆసుపత్రికి తీసుకుపోయారు. తెల్లారేవేళకు ఆడపిల్ల పుట్టింది. నర్సమ్మ బిడ్డను గుడ్డలో చుట్టి తెస్తుంటే నేను గుడ్లప్పగించి చూస్తున్నాను. నాకంటే ముందు మా అత్త అందుకుంది. ఆడో మగో కూడా అడగలేదు. బిడ్డ ముఖాన్ని కిటికీ వెలుతురుకు తిప్పింది. పై పెదవిని చిటికెన వేలితో ఈ కొస నుంచి ఆ కొసకు తడిమింది. నోరు తెరిపించి అంగిలి కూడా చూసింది. బిడ్డ కెవ్వుమంది. అత్త బిడ్డను పొదువుకుని, గోడకు ఆనుకుని నేల మీద కూలబడింది.

"బాగుండాది తల్లీ. ఏమీ కాలేదు. ఆ పొద్దు నీ కడుపు మీద పడిన్నాయే, నేనూ సూసినా."

సంతోషం కంటే ముందు నాకు కోపమే వచ్చింది. నాలుగు నెలలు పక్కపక్క చాపల మీదే పడుకున్నాం.

"నాతో ఒక్క మాట యాల చెప్పలేదు అత్తా?"

"నిద్దరపోతాంటివి కదా, నువ్వు సూడలేదనుకుంటి. పాట మానేసినప్పుడు తెలిసింది, నీకూ తెలుసని."

"అప్పుడైనా చెప్పొచ్చు కదా?"

అత్త బిడ్డ పెదవిని మళ్లీ ఒకసారి తడిమింది. "నోటితో అంటే నిజమైపోతాదేమోనని" అంది.

నేను ఆమెకు చెప్పకపోవడానికి అసలు కారణం కూడా అదే.