ముద్ర మీదకెక్కిన పేరు

పాత సంస్థానాల స్టాంపుల మీద రాజు బొమ్మకి అడ్డంగా సంస్థానం పేరు నల్లగా అచ్చేసేవారు. కొన్నిటికి ఆ పేరుంటేనే విలువ. అందుకే దొంగ అచ్చులు పుట్టుకొచ్చాయి. వాడిన స్టాంపైతే పట్టుకోవడం తేలికే. పేరు ముందు పడాలి, పోస్టాఫీసు ముద్ర తరవాత పడాలి. ముద్ర మీదకెక్కి పేరు కూర్చుందంటే అది దొంగది. ఈ కిటుకు మా చెల్లెలి మొగుడికి నేర్పింది నేనే.

కిందటేడు తాడేపల్లిగూడెంలో స్టాంపులు సేకరించేవాళ్ళమంతా కలిశాం. నేను ప్రాణంలా చూసుకునే స్టాంపుని ఆయన భూతద్దం కింద పెట్టి, పదిమందిలో, "ఏవండీ బావగారూ, పేరు ముద్ర పైనుందండీ. ఇది దొంగదండీ" అన్నాడు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మాట్లాడాలని మెట్ల దగ్గరికి తీసుకెళ్ళి, చొక్కా పట్టుకుని ఉంగరం చేత్తో మూతి మీద గుద్దాను. పెదవి చిట్లి రక్తం నా చొక్కా మీద పడింది. మళ్ళీ చెయ్యెత్తేసరికి ఆయన తోశాడు. గోడ అంచు తగిలి నా కనుబొమ చీరుకుపోయింది. ఆయన్ని గోడకేసి బాదాను. అక్కడ చూసినవాళ్ళు లేరు.

"ముందెవరు కొట్టారన్నయ్యా?" అంది, ఆయనతో పాటు వచ్చిన మా చెల్లెలు.

"మీ ఆయనే" అన్నాను. నా మొహం నిండా రక్తం, నమ్మకేం చేస్తుంది? పుట్టింటివాడి మీద చెయ్యి చేసుకున్నాడని సంచి సర్దుకుని ఏలూరు మా ఇంటికొచ్చేసింది. ఆయన నా మాట కాదనలేదు.

ఆ వారంలోనే స్టాంపు తీసి చూశాను. ముద్ర మీదే ఉంది పేరు. ఛీ, తెలిశాక కూడా నాలుగు నెలలు నోరు విప్పలేదు! మొగుడి ఫోనొస్తే చెల్లెలు కట్ చేస్తుంటే చూస్తూ అన్నం తిన్నాను.

చివరికి ఒక పొద్దున చెల్లెల్ని బండెక్కించుకుని కొల్లేటి పక్క ఆయన చేపల చెరువు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన మేత బస్తాలు దింపిస్తున్నాడు. పనివాళ్ళందరి ముందూ చెప్పాను.

"ముందు కొట్టింది నేనేనమ్మా. స్టాంపూ దొంగదే."

మా చెల్లెలు నా చెంప ఛెళ్ళుమనిపించింది. రెండోది కనుబొమ మీద పడింది. మూడోదానికి చెయ్యెత్తితే ఆయన పరుగున వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఊరుకో, అన్నయ్యని కొడతావా?" అన్నాడు. ఆయన పెదవి మీద నా ఉంగరం మచ్చ ఇంకా ఉంది.