చీరమేను కోసం ఆపిన ఇంజను

కాదు, అది విహారయాత్ర కాదు. ఆఫీసులో పదిసార్లు నోటితో చెప్పాను, ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. "కోనసీమలో మూడు రోజులు, కొబ్బరిచెట్ల గాలి, పైగా జీతం కూడానా" అని దెప్పినవాళ్ళలో ఒక్కరైనా ఆ ఇసుక బస్తాల మీద నడుం పడిపోయేలా వంగి నిలబడ్డారా? లేదు. కాబట్టి కాసేపు నోరు మూసుకుని నేను చెప్పేది వినండి.

ఏటి మీద వంతెనో, కాలువ మీద తూమో కట్టేటప్పుడు నీళ్ళు పాడవకుండా, చేపలు చావకుండా ఏం చెయ్యాలో కట్టేవాళ్ళకి చెప్పే సంస్థ మాది. అప్పటికి నేను చేరి ఏడు నెలలు. పుట్టి పెరిగింది సికింద్రాబాదులో. చేపంటే ఆదివారం పూట నల్లకవర్లో ఇంటికొచ్చే ముక్కలని తప్ప ఇంకేమీ తెలియని ఇల్లు మాది. గోదావరి పాయ వైనతేయ మీద ఒక కొత్త వంతెనకి స్తంభాలు లేస్తున్నాయి, వెళ్ళి చూసి సంతకం పెట్టి రమ్మని మా బాసు నన్ను ఒంటరిగా పంపడం అదే మొదలు. కెమెరా ఉన్న ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. నా మొదటి నాలుగు జీతాలు అందులోకే పోయాయి, అందుకని అది చేతిలోంచి దిగేది కాదు.

కార్తీకమాసం. సికింద్రాబాదులో రాత్రి ఎనిమిదిన్నరకి కాకినాడ రైలెక్కాను. స్లీపరు, పైబెర్తు. రాజమండ్రిలో దిగేసరికి తెల్లవారుజామున ఐదుంపావు. వెళ్ళేవాళ్ళకి ఒక మాట: స్టేషను బయట టాక్సీలవాళ్ళు చుట్టుముడతారు, వాళ్ళని దాటుకుని బస్టాండుకి పొండి. అమలాపురం బస్సులు వరసగా ఉంటాయి. నాకు ఐదూ యాభైకి దొరికింది, కిటికీ పక్క సీటు.

రావులపాలెంలో ఒక పెద్దాయన అరటిగెలతో సహా ఎక్కి నా పక్కన కూర్చున్నారు. కొత్తపేట వచ్చేదాకా నా ఫోను వైపు, నా బూట్ల వైపు చూసి చూసి అడిగారు.

"ఎవరి తాలూకండీ?"

"ఎవరి తాలూకూ కాదండి. పని మీద వచ్చాను. చేపల్ని చూసుకునే పని."

"ఆయ్, ఉప్పలగుప్తం వైపాండి? ఎన్నెకరాల చెరువండి?"

"చెరువు కాదండి. ఏట్లో చేపలు."

ఆయన గెల సర్దుకున్నారు. "ఏట్లో చేపల్ని చూసుకోడానికి మనిషెందుకండీ? అయ్యే చూసుకుంటాయి కదండి."

నాకు చర్రున లేచింది. వంతెన గురించి, బురద గురించి, ఇంజన్ల గురించి ఆపకుండా పావుగంట చెప్పాను. ఆయన అంతా విని, గెలలోంచి రెండు అరటిపళ్ళు తుంచి నా ఒళ్ళో పెట్టారు. "తినండి. అరిచి అరిచి నీరసం వస్తాది," అన్నారు.

ఎనిమిదింపావుకి అమలాపురం. గడియార స్తంభం దగ్గర లాడ్జిలో గది తీసుకుని, కింద హోటల్లో ఉప్మా పెసరట్టు తిని, ఆటో మాట్లాడుకున్నాను. రాజోలు రోడ్డు మీద కొంతదూరం పోయాక ఎడమకి దిగి, కొబ్బరితోటల మధ్య గట్టు వెంబడి వెళితే ఏరు. తొమ్మిదీ ముప్పావుకి నా బూట్లలో ఇసుక పడింది.

సైటు ఇంజనీరు రామరాజుగారు. పి.గన్నవరం మనిషి, నా వయసుకి రెండింతలు. "రండి మేడంగారు, కొబ్బరిబొండాం కొట్టించమంటారా?" అంటూనే విషయంలోకి వచ్చారు. స్తంభం పునాది కోసం ఏటి అంచున ఇసుక బస్తాలతో గుండ్రంగా కట్ట కట్టారు. లోపల ఛాతీలోతు నీళ్ళు. అవి ఇంజనుతో బయటికి తోడేసి, అడుగు ఆరాక కాంక్రీటు పొయ్యాలి. నాలుగో రోజు అమావాస్య. అమావాస్య పోటుకి సముద్రం నీరు ఎగదన్ని కట్టని ముంచేస్తుంది. ఆలోపు కాంక్రీటు పడకపోతే కట్ట కొట్టుకుపోతుంది, రెండు నెలల పని ఏటి పాలు.

"అంచేత మీ సంతకం తొందరగా అయిపోతే ఇంజను వేసేస్తామండి," అన్నారు.

నేను సిద్ధంగానే వెళ్ళాను. ఇంజను నీళ్ళు పీల్చే గొట్టానికి తొడగడానికి హైదరాబాదులో ప్రత్యేకంగా చేయించిన స్టీలు జాలీ నా బ్యాగులోనే ఉంది. పెసరగింజ దూరనంత సన్నటి కన్నాలు. నా దగ్గరున్న చేపల జాబితాలో ఏ చేపా అందులోంచి దూరదు. తొడిగించాను, ఫొటో తీశాను, "చేపలకు హాని లేదు" అన్న గడిలో సంతకం పెట్టాను. పదీ నలభైకి ఇంజను మొదలైంది. పదకొండుకల్లా గదికి పోయి పడుకోవచ్చనుకున్నాను కూడా.

కట్ట మీద అప్పటికే నలుగురైదుగురు ఆడవాళ్ళు నిలబడి చూస్తున్నారు. పక్కనే వాళ్ళ పల్లె. మగవాళ్ళు పడవల మీద పోతారు, ఒడ్డున వల లాగడం, చేపలమ్మడం వీళ్ళ పని. అందులో ఒకావిడ, యాభై దాటి ఉంటాయి, చీర మోకాళ్ళ పైకి దోపుకుని, ఇంజను నీళ్ళు బయటికి కక్కే గొట్టం కింద సత్తుగిన్నె పట్టింది. నిండాక నా దగ్గరికి తెచ్చింది.

"మేడంగారండీ, ఇయ్యేంటో చెప్పండి."

గిన్నెలో బియ్యపు నూకలాంటివి, తెగిన దారప్పోగుల్లాంటివి తేలుతున్నాయి. చెత్త అన్నాను.

"చెత్తకి కళ్ళుంటాయాండి?"

వంగి చూశాను. ఒక్కో పోగుకి ఒక చివర రెండు నల్లచుక్కలు. కొన్ని ఇంకా కదులుతున్నాయి. ఎక్కువ భాగం సగానికి తెగిపోయి ఉన్నాయి.

చీరమేను. పుట్టీ పుట్టని చేపపిల్లలు, ఆవిడే చెప్పింది. తూర్పుగాలి తిరిగాక ఈ కొద్ది వారాలే ఏట్లోకి గుంపులు గుంపులుగా వస్తుంది. వలకి ఆగదు కాబట్టి చీరతో పడతారు. గ్లాసుతో, గిన్నెతో కొలిచి అమ్ముతారు. ఈ ఊళ్ళలో దీని కోసం ఏడాదంతా ఎదురుచూస్తారు. నా జాబితాలో మాత్రం లేదు. ఎందుకుంటుంది? జాబితా రాసినవాళ్ళు పెద్ద చేపల పేర్లు రాసుకున్నారు, పసిగుడ్లని ఎవరు లెక్కేశారు? రాత్రి కట్ట పూర్తిగా మూసేలోపు పోటుకి పెద్ద గుంపొకటి లోపలికి వచ్చి చిక్కుకుపోయింది. నా జాలీలోంచి దర్జాగా దూరి, ఇంజను రెక్కల్లో పడుతోంది.

ఇంజను తోలే మనిషి దగ్గరికి పరుగెత్తి ఆపమన్నాను. ఆపాడు. కాగితం తెరిచి నా సంతకం నేనే కొట్టేశాను.

రామరాజుగారు గొంతు పెంచలేదు. "పెట్టిన సంతకం కొట్టేస్తే ఎలాగండి మేడంగారు? పైగా ఈళ్ళు ఎలాగూ పట్టుకుని తినేసేదే కదండి ఇది. మీరు కాపాడేదేముంది?"

నేను నోరు తెరిచేలోపే గిన్నె తెచ్చినావిడ అందుకుంది. పేరు వెంకాయమ్మ. "తింటామండి. ఎందుకు తినం? కానీ మాకు చెయ్యి అలుస్తాది రాజుగారూ. పొద్దెక్కితే ఇంటికి పోతాం. మీ ఇంజనుకి అలుపేదండి?"

రామరాజుగారు పక్కకి వెళ్ళి మా ఆఫీసుకి ఫోను చేశారు.

బాసు ఫోను. ఒక్క గీత సిగ్నలుకి కట్ట చివర నిలబడి విన్నాను. గైడ్‌లైను ప్రకారం జాలీ సరిగ్గానే ఉందట. ఆపడానికి నేనెవరినట. అమావాస్య దాటితే బాధ్యత నాదేనట. "సాయంత్రం లోపల దారి చూపిస్తాను" అని పెట్టేశాను. దారేంటో నాకు తెలియదు. ఆ మాట మీకు చెప్పడానికి సిగ్గుపడను.

మొదట జాలీకే చీర చుట్టాం. వెంకాయమ్మ ఇంటి నుంచి పాత నైలాన్ చీర తెచ్చింది, నీలం రంగు, అరిగి అరిగి గాజులా అయింది. ఇంజను వేసిన నిమిషంలో గుడ్డ జాలీకి అతుక్కుపోయింది. ఇంజను మూలిగింది. ఆపి పైకి తీసి చూస్తే చీర నిండా చీరమేను చితికి అంటుకుపోయి ఉంది. చావు మారలేదు, చోటు మారింది. అప్పుడు పన్నెండుంపావు. నేను ఫోనుని బస్తాల మీదకి విసిరికొట్టాను. విరగలేదు, అది వేరే సంగతి.

వెంకాయమ్మ నీళ్ళలోకి దిగింది. "మళ్ళీ వెయ్యండి," అని ఇంజను వేయించి, గొట్టం నోటి దగ్గర అరచెయ్యి పెట్టింది. కొంచెం వెనక్కి తీసింది. ఇంకొంచెం తీసింది. బారెడు దూరంలో ఆగింది.

"ఇక్కడ లాగట్లేదండి. మూతి కాడే రాక్షసిలా పీల్చేస్తంది. మూతికి దూరంగా గుడ్డ ఉండాలి. మధ్యలో ఏదైనా బోలుగా నిలబడాలి."

"బోలుగా అంటే?"

ఆవిడ పల్లె వైపు తిరిగి కేకేసింది. "ఒసే, కోళ్ళగంపలు తెండే. రెండు. పెద్దయ్యి."

కోళ్ళని మూసే వెదురు గంపలు చూశారుగా, గుమ్మటంలా నడుమెత్తు ఉంటాయి. రెంటినీ మూతికి మూతి కలిపి కొబ్బరితాడుతో బిగించారు. పెద్ద గుడ్డులా తయారైంది. దాని చుట్టూ నీలం చీర రెండు మడతలు. లోపల సరిగ్గా నడిమధ్యకి గొట్టం. తేలిపోకుండా అడుగున రాయి. నేను ఊరికే నిలబడలేదు. జాలీ వైశాల్యం, గంపల వైశాల్యం ఫోను కాలిక్యులేటర్‌లో వేసి చూశాను. ఎన్నో రెట్లు తేడా. అంత మేరకి పరుచుకుంటే లాగుడు నీరసించిపోతుంది. మా పుస్తకాల్లో ఇదే సంగతి పేజీల కొద్దీ ఉంది. నేను పరీక్షల కోసం చదివాను, ఆవిడ అరచేత్తో చదివింది.

"గుడ్డకి నాచు పడితే?" అన్నారు రామరాజుగారు. ఎత్తిపొడవడానికి అడగలేదు, ఆయనకీ ఆసక్తి పుట్టింది.

"ఇంకో చీర సిద్ధంగా ఉంచుతామండి. అరగంటకోసారి మారుస్తాం. మీరు ఇంజను కాస్త తగ్గించి తోలించండి, ఆయ్."

తగ్గించి తోలించారు.

రెండున్నరకి మొదలెట్టాం. అందరం గొట్టం అవతలి చివర చేరాం. వెంకాయమ్మ గిన్నె పట్టింది. ఉత్త నీళ్ళు. పారబోసి మళ్ళీ పట్టింది. ఉత్త నీళ్ళు. మూడోసారి నేను పట్టాను, నా కళ్ళతో నేను చూసుకున్నాను. ఒక్క చుక్కకన్ను లేదు. నీళ్ళలో గంపల పక్కన చీరమేను గుంపు చీరకి వేలెడు దూరంలో ఈదుకుంటూ తిరిగిపోతోంది. ఆ ఫొటో ఇప్పటికీ ఉంది, మసగ్గా ఉంటుంది, అయినా ఎవరడిగినా చూపిస్తాను.

మూడూ పదికి కొత్త కాగితం మీద కొత్త సంతకం పెట్టాను. బాసుకి మెసేజి: "పంపు నడుస్తోంది. చేప చావట్లేదు."

మర్నాడు ఏడింటికే వెళ్ళాను. నీళ్ళు మోకాలి లోతుకి దిగాయి. ఇప్పుడు ఒకే గంప బోర్లించారు. ఆడవాళ్ళు నలుగురు చీర నాలుగు కొసలూ పట్టుకుని నీళ్ళలో పరిచి, గుంపు మీదకి రాగానే నెమ్మదిగా ఎత్తి, కట్ట దాటించి ఏట్లో వంచేవారు. రెండు గంటలు నేనూ ఒక కొస పట్టుకున్నాను. ఎత్తడంలో నా కొస ఎప్పుడూ వెనకబడేది.

"మేడంగారికి చీర కట్టుకోడవే కాదు, పట్టుకోడవూ రాదండి," అంది ఒకావిడ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కోపం రాలేదు. నాకే ఆశ్చర్యం.

మధ్యాహ్నం పన్నెండున్నరకి కట్టలో ఏమీ మిగల్లేదు, అడుగు బురద తప్ప. చివరి గిన్నెడు మాత్రం వెంకాయమ్మ ఏట్లో వదల్లేదు. మినప్పిండిలో కలిపి గారెలు వేసి పెట్టింది. తిన్నాను. ఆరు తిన్నాను. కాపాడ్డానికి వచ్చినదాన్ని తింటావా అని ఎవరైనా అంటే, ఏటి నుంచి ఎంత తీసుకోవాలో తెలిసినవాళ్ళ చేత్తో పెడితే తింటాను అని చెబుతాను.

మూడోరోజు పొద్దున్న ఆరింటికి కాంక్రీటు మొదలై పదకొండుకి అయిపోయింది. అమావాస్యకి ఇంకా ఒక రోజు మిగిలే ఉంది. రామరాజుగారు ఆటో దాకా వచ్చి, "అవతలి ఒడ్డు స్తంభానికి కూడా గంపలు కావాలని అక్కడివాళ్ళు అడుగుతున్నారండి. వెంకాయమ్మగారిని పంపుతున్నాను, కూలికి కాదండి, చూపించడానికి," అన్నారు. ఆవిడ పేరు పక్కన ఆయన "గారు" చేర్చడం నేను విన్నాను. మీరు విన్నా విననట్టు ఊరుకోకండి.

రెండింటి బస్సుకి అమలాపురం నుంచి బయల్దేరాను, ఐదు దాటాక రాజమండ్రి. రైలు ఆలస్యం. ప్లాట్‌ఫారం మీద కూర్చుని, దారిలో కొన్న పూతరేకుల పొట్లం పక్కన పెట్టుకుని, నివేదిక పూర్తిచేశాను. కొలతలు రాశాను, బొమ్మ గీశాను. "రక్షణ పరికరం: రూపకల్పన ఎవరిది" అని ఒక గడి ఉంటుంది. అందులో వెంకాయమ్మ అని రాశాను.

రైలు గోదావరి బ్రిడ్జి ఎక్కుతుండగా ఫోను మోగింది. అప్పటికే ఫోనులో ఆ కాగితం సారాంశం బాసుకి చదివి వినిపించి ఉన్నాను.

"బాగా చేశావు. కానీ ఆ గడి మార్చు. మన సంస్థ పేరు రాయి. చదువుకోని మనిషి పేరుంటే క్లయింటు నవ్వుతాడు."

"మార్చనండి," అన్నాను. ఎందుకో గొంతు పెంచాలనిపించలేదు. "ఆ పేరుంటేనే సంతకం పెడతాను. లేకపోతే మొన్నటిలాగా కొట్టేస్తాను. కొట్టేయడం నాకు అలవాటైంది."

"సరే, ఉండనీ," అన్నారు ఆయన, బ్రిడ్జి చప్పుడు మధ్యలో.

ఈ ఉద్యోగంలో ఇంతవరకూ ఎన్నో నివేదికలు రాశాను. నిండు గర్వంతో ఎవరికైనా చూపించేది ఆ ఒక్కటే. పంపు లాగుడు అరచేత్తో కొలిచి, మా పుస్తకం తప్పిన చోట దారి చూపించిన మనిషి పేరు కాకుండా, ఆ గడిలో ఇంకెవరి పేరు రాసి ఉండాల్సిందో మీలో ఒక్కరు చెప్పండి చూద్దాం?