వాక్యూం గణపతి చెవి

ఖరగ్‌పూర్ నింపురాలో గణపతిరావు ఇల్లెక్కడని అడిగితే, ఏ గణపతిరావని తిరిగి అడుగుతారు. వాక్యూం గణపతి అంటే మాత్రం వెంటనే చెయ్యి చూపిస్తారు. అక్కడి రైల్వే వర్క్‌షాపులో, వాక్యూం బ్రేకుల సెక్షన్లో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాడు మరి. రైలు పెట్టె కింద దూరి, గొట్టానికి చెవి ఆనించి, గాలి ఎక్కడ లోపలికి జొరబడుతోందో చెప్పేసేవాడు. గేజీలు పట్టుకొచ్చిన ఇంజనీరు బాబులు కూడా చివరికి ఆయన చెప్పిన చోటే ఆగేవారు. తర్వాత రైళ్లకి ఆ బ్రేకులే పోయాయి, ఆయనకి రిటైర్మెంటు వచ్చింది. ఇంటి ముందు రేకుల షెడ్డు వేసి పాత కార్లు బాగుచేస్తూ కూర్చున్నాడు. కొత్త కార్లు కంప్యూటరు పెట్టి చూసేవాళ్ల దగ్గరికి పోతాయి. ఈయన దగ్గరికి వచ్చేవన్నీ ఈయన ఈడువే.

ఇప్పుడాయనకి అరవై తొమ్మిది. మోకాళ్లు పట్టేశాయి, నడుము వంగితే ఓ పట్టాన లేవదు. అవన్నీ ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది గోల్‌బజార్‌లో బట్టల కొట్టు నడిపే జయప్రకాష్ పాత వ్యానుని. ఆగి ఉన్నప్పుడు ఇంజను ఊగిపోతుంది, రెండు నిమిషాల్లో ఆరిపోతుంది. మొదటిసారి కార్బురేటరు విప్పి కడిగాడు. రెండోసారి ప్లగ్గులు మార్చాడు. రెండుసార్లూ వారం తిరక్కుండా బండి తిరిగొచ్చింది. మూడోసారీ పట్టుకోలేకపోతే షెడ్డుకి తాళం వేసేయాలని మనసులో గట్టిగా అనేసుకున్నాడు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి మాత్రం ఎవరున్నారు? భార్య చిలకమ్మ రెండేళ్లుగా మాటలు తగ్గించేసింది. ముసలితనం, విసుగు అనుకుని ఆయనా ఊరుకున్నాడు.

శనివారం పొద్దున్నే బండి మళ్లీ వచ్చింది.

“బాబాయ్, ఇప్పుడు బ్రేకు కూడా బిగిసిపోనాది. మార్కెట్లో టోటో రిక్షాని గుద్దీబోయినాను,” అన్నాడు జయప్రకాష్. గొంతులో కోపం లేదు. జాలి ఉంది, అదే ఆయనకి మరీ చేదుగా తగిలింది.

బ్రేకు మాట వినగానే గణపతిరావుకి వెలిగింది. ఇంజను గాలిని లోపలికి పీల్చుకుంటుంది కదా, ఆ పీల్పుని బ్రేకుకి సాయంగా అందించే రబ్బరు గొట్టం ఒకటుంటుంది. అది చిట్లితే దొంగగాలి దూరుతుంది. ఇంజను ఊగుతుంది, బ్రేకు బిగుసుకుంటుంది. జన్మంతా ఆయన చూసిన జబ్బే అది! సీటు ఎత్తి, దాని కింద ఉన్న ఇంజను స్టార్టు చేయించాడు. మూరెడు ట్యూబు తెచ్చి ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొసని గొట్టం పొడవునా నడిపించాడు. ఇంజను దడదడ వినిపించింది. వీధిలో టోటో హారను వినిపించింది. ఇంకేమీ లేదు. పైనుంచి చూస్తే గొట్టం నున్నగా ఉంది. ఇంకొకరైతే గొట్టాన్ని పట్కారుతో నొక్కి, ఇంజను ఊగడం ఆగుతుందేమో కూడా చూసేవారు. చెవి ఉండగా ఈయనకి పట్కారెందుకు? అక్కడే మునిగాడు మహానుభావుడు.

“గొట్టం బాగానే ఉన్నాది. నావల్ల కాదురా జయా. ఇంకెక్కడికైనా అట్టుకెల్లిపో,” అని స్టూలు మీద కూలబడ్డాడు.

గుమ్మంలో చిలకమ్మ అడ్డచుట్ట కాలుస్తోంది, వాళ్లమ్మ కాల్చినట్టే, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. చుట్ట తీసి, “అదేటయ్యా, ఆ సుయ్‌మనడం ఆపకుండానే పంపించేస్తన్నావు?” అంది.

“ఏ సుయ్?”

“బండి ఒచ్చిన మొదటినాటి నుంచీ ఇంటన్నాను. గుమ్మంలోకే ఇనబడతన్నాది. నీకు ఇనబడకుండా ఉంటాదా, అది రోగం కాదు గావాల అనుకున్నాను.”

జయప్రకాష్ తల దించుకున్నాడు. అతనికీ వినబడుతోందని గణపతిరావుకి అర్థమైపోయింది.

వర్క్‌షాపులో అన్నేళ్ల రివెట్ల మోత సన్న చప్పుళ్లన్నిటినీ ఎప్పుడు మింగేసిందో ఆయనకే తెలియలేదు. పెద్ద చప్పుళ్లు వినబడుతున్నాయి కదాని చెవి ఉందనే అనుకున్నాడు. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. అప్పుడు గుర్తొచ్చాడు వర్క్‌షాపులో అందరూ దాదా అని పిలిచే ఓ ముసలి బెంగాలీ మిస్త్రీ. చెవులు మందగించాక ఆ దాదా గొట్టం మీద బీడీ పొగ వదిలి, అదెక్కడ లోపలికి పోతుందో చూసుకునేవాడు. వీళ్లంతా చాటుగా నవ్వేవారు.

పెట్రోలు బండి దగ్గర నిప్పు పెట్టకూడదు. కానీ చిలకమ్మ నిప్పు నోట్లోనే ఉంటుంది. పెట్రోలు ఎక్కడా కారడం లేదని రెండుసార్లు చూసుకుని పిలిచాడు.

“ఇలా రా. సుట్ట నోట్లోంచి తియ్యకు. పొగ ఈ గొట్టం మీద మెల్లిగా ఒదులు.”

ఆవిడ మోకాలు పట్టుకుని వంగి వదిలింది. పొగ గొట్టం మీద కాసేపు తేలింది. క్లిప్పు దగ్గరికి వచ్చేసరికి దారంలా సన్నబడి గొట్టం అడుగుకి లాక్కుపోయింది. గణపతిరావు అక్కడ వేలు పెట్టి మూశాడు. ఊగుతున్న ఇంజను నిలకడైంది.

విప్పి చూస్తే అడుగున గోరంత చీలిక. షెడ్డులో నీళ్ల గొట్టాలున్నాయి గానీ అవి పీల్పుకి కుంగిపోతాయి. జయప్రకాష్ ఆటో ఎక్కి వెళ్లి దళసరి గొట్టం తెచ్చాడు. గణపతిరావు పాతదాని కొలతకి కోసి, మధ్యలో ఉండే వాల్వు మీది బాణం గుర్తుని ఇంజను వైపు తిప్పి, కొత్త క్లిప్పులు బిగించాడు. ఇంజను ఆపి ఉండగా బ్రేకు నాలుగుసార్లు తొక్కి, పాదం అలాగే ఉంచి స్టార్టు చేశాడు. పెడలు పాదం కింద మెత్తగా దిగింది, బ్రేకుకి పీల్పు అందుతోంది. ఈ పరీక్షకి చెవి అక్కర్లేదు.

“కార్బురేటరుది తప్పు లేదురా. నాకే ఇనబడలేదు,” అన్నాడు.

“ఠీక్ హై బాబాయ్, బాగయింది కదా,” అని జయప్రకాష్ బండెక్కాడు.

మధ్యాహ్నం గణపతిరావు తాళం చేతిలో పట్టుకుని షెడ్డు ముందు కూర్చున్నాడు. ఎంతకీ లేవలేదు.

“సిలకా, నాకు ఇనబడనివి ఇంకేటేటి ఉన్నాయే?”

“కుక్కరు కూత. పిచ్చికలు,” అంది చిలకమ్మ. తర్వాత వచ్చి ఆయనకి ఎదురుగా నిలబడి, గట్టిగా చెప్పింది. “ఎనకనుంచి పిలిస్తే పలకడం మానేసినావు. నా మీద ఇసుగనుకున్నాను. అందుకే పిలవడం మానేసినాను. రెండేళ్లయినాది.”

ఆయన తాళం కింద పెట్టాడు. నడుము పట్టుకుని లేచి, లోపలినుంచి ఇంకో స్టూలు తెచ్చి తనకి ఎదురుగా ఆవిడకి వేశాడు.