వావిలాకు కోసం పులికాటు ఒడ్డుకు

వరి కోతల కాలం వస్తే మా సరోజకు తుమ్ములే తుమ్ములు. కళ్ళు ఎర్రబడి, నీళ్ళు కారి, పుస్తకంలో అక్షరం కనపడదు. పోయిన ఏడు ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షలో సగం కూడా రాయకుండానే బయటికి వచ్చేసింది. నెల్లూరు డాక్టరు ఇచ్చిన మాత్రలకు తుమ్ములు తగ్గాయి గానీ, పుస్తకం మీదే నిద్రపోయేది. ఈసారీ తప్పితే చదువు మానేస్తానంది. నా యాభయ్యో ఏట లేకలేక పుట్టిన పిల్ల ఆ మాట అంటే తట్టుకోలేకపోయాను. పులికాటు ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పల్లెలో ఎల్లమ్మ అనే పెద్దావిడ వావిలాకు ఆవిరి పట్టిస్తుందని విని, పరీక్షలకు నెల ముందు బయలుదేరాము.

నాయుడుపేటలో ఆరు గంటల బస్సు ఎక్కితే ఏడున్నరకు చిట్టమూరులో దిగాము. టిక్కెట్టు మనిషికి అర్ధరూపాయి. అక్కడి నుంచి ఒడ్డుకు బస్సు లేదు, రానూ పోనూ మూడు రూపాయలకు ఒంటెద్దు బండి మాట్లాడుకున్నాను. దారంతా గతుకులు కదా, పిల్లకు మెత్తగా ఉండాలని ఒక కళ్ళం దగ్గర బండి ఆపించి, కొత్త వరిగడ్డి రెండు మోపులు అడిగి నా చేతులతో పరిచాను. బండి తోలే పెంచలయ్య ఇంత గడ్డి ఎందుకన్నాడు. కూతురిని కన్నవాడికి తెలుస్తుందిలే అన్నాను. దారి పొడుగునా సరోజ తుమ్ముతూనే ఉంది.

పది గంటలకు పల్లె చేరాము. ఎల్లమ్మ గుడిసె ముందు వల బాగుచేస్తోంది. మమ్మల్ని నీళ్ళ మీది గాలి తగిలే చోట కూర్చోబెట్టి, సరోజను ముఖం కడుక్కోమని, తాను వాగు గట్టున పెరిగిన వావిలాకు కోసుకొచ్చింది. నలిపితే ఘాటైన వాసన. నీళ్ళు మరగకముందే పిల్ల తుమ్ములు ఆగిపోయాయి. ఆకు వాసనకే ఇంత గుణమా అని పొంగిపోయి ఆమెకు చేతులు జోడించాను. కాసేపటికి సరోజ తువ్వాలు తెచ్చుకుందామని బండి ఎక్కింది. వరసగా ఏడు తుమ్ములు.

ఎల్లమ్మ లేచి వెళ్ళి, బండిలోంచి పిడికెడు గడ్డి తెచ్చి నా ముందు వేసింది.

“ఏందన్నా, రోగాన్ని బండికెత్తుకోని మందుకొచ్చినావా? ఇంటికాడ బిడ్డ యాడ కూచోని చదువుద్ది?”

“గడ్డివామి నీడనక్కా. సద్దుండదని నేనే మంచం ఏసిచ్చినా.”

“నాకు అనుమానంగానే ఉణ్ణింది నాయనా,” అంది సరోజ. “నువ్వు ముచ్చటపడి ఏసినావని చెప్పలా.”

పెంచలయ్య గడ్డంతా దించి ఎద్దు ముందు వేస్తూ, ఈ ప్రయాణం మా ఎద్దుకు కలిసొచ్చిందన్నాడు.

తర్వాత ఎల్లమ్మ ఆవిరి పట్టించింది. మరిగే నీళ్ళలో గుప్పెడు ఆకు, తల మీద దుప్పటి, ముఖం మూరెడు దూరంలో. పిల్ల ముక్కు విడి హాయిగా గాలి పీల్చింది. ఆ నీళ్ళు తాగకూడదని, ఆయాసం వస్తే ఆకును నమ్ముకోకుండా ఆసుపత్రికి పొమ్మని ఎల్లమ్మ గట్టిగా చెప్పింది. తిరుగు ప్రయాణం వట్టి చెక్కల మీద. నా నడుము పట్టేసింది గానీ, చిట్టమూరు చేరేలోపు సరోజ ఒక్కసారే తుమ్మింది.

మర్నాడే మంచం వీధి వసారాలోకి మార్చాను. సాయంత్రాలు ఆవిరి పట్టించాము. ఆకు ఎంత మేలు చేసిందో, గడ్డికి దూరం కావడం ఎంత మేలు చేసిందో నాబోటివాడు చెప్పలేడు. పరీక్షల చివరి రోజున బడి గేటు దగ్గర నిలబడ్డాను. గంట కొట్టేదాకా రాసి, అందరికంటే ఆఖరున బయటికి వచ్చింది నా తల్లి. బజారులో ఎదురైన ప్రతివాడినీ ఆపి ఆ సంగతి చెప్పాను. వెళ్ళదలచినవాళ్ళకు ఒక్క మాట: బయలుదేరే ముందు, ఎక్కడ కూర్చుంటే ఎక్కువవుతోందో బిడ్డనే అడగండి. మనం నొచ్చుకుంటామని వాళ్ళు తమంతట తాము చెప్పరు.